ఒక అబద్ధంతో మా తాత రేవుకి

నేను చెప్పే కథల్లో సగం కోసేసి మిగతా సగం నమ్మాలని మా ఇంట్లో పద్ధతి. కర్నూల్లో ఇరవై ఏళ్లుగా మెస్ నడుపుతున్నాను. కూర పలచనైన రోజున కథ చిక్కగా వడ్డిస్తానని నా దగ్గర తినే బ్యాంకు కుర్రాళ్లు అంటుంటారు. కాదనను. ఈ నాలుగు రోజుల ప్రయాణం మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకిది కొత్త పని కాబట్టి అక్కడక్కడా చెయ్యి తడబడితే క్షమించాలి.

వెళ్లింది గోదావరిలో ఒక లంకకి. నది రెండు పాయలుగా చీలినచోట ఇసుకా ఒండ్రూ పేరుకుని నేలవుతుంది. దాన్నే లంక అంటారు. మా తాత గంగరాజు ఆ లంకకి ఎదురుగా, ఏటిగట్టు మీద పాక వేసుకుని పడవ నడిపేవాడు. నాకు పదేళ్లు వచ్చేదాకా ఆయన దగ్గరే పెరిగాను. లంక పేరు ఈసారి రాయను. పోయినసారి రాసినందుకే ఇదంతా వచ్చింది.

పోయినసారి రాసింది ఆదివారం పేపరుకి. పెద్ద వరద వచ్చిన ఏడాది, గోదావరి గట్టు అంచు తాకుతున్న సాయంత్రం, లంకలోంచి కేక వినబడింది. పురిటి నొప్పులు పడుతున్న మనిషి. మా తాత ఒక్కడే తెడ్డు పట్టుకుని ఎర్రనీళ్లలోకి దిగాడు. దారిలో పాములు. కొట్టుకొస్తున్న గడ్డివాము, దాని మీద కోడిపుంజు. తిరుగు ప్రయాణంలో పడవలోనే కాన్పు. చుట్టలు కోసుకునే చాకుతో తాత బొడ్డు కోశాడు. ఆ బిడ్డకి వాళ్లు గంగరాజనే పేరు పెట్టుకున్నారు. కర్నూలు స్కూల్లో స్నేహితుల కోసం మొదటిసారి చెప్పినప్పుడు ఈ కథలో పాములు లేవు. పుంజు నాకు ముప్పై దాటాక వచ్చి చేరింది.

పేపర్లో పడిన వారానికి ఫోన్ వచ్చింది.

"అక్కగారండి, నమస్కారమండి. నా పేరు శ్రీనివాసండి. ఆ పడవలో పుట్టిన బిడ్డని నేనేనండి. పేరొక్కటే మీరు తప్పు రాసేరు. ఆయ్."

మంచం మీద కూర్చుండిపోయాను.

"రేవులో షెడ్డు కట్టించేనండి, జనం ఎండకీ వానకీ నిలబడ్డానికి. దానికి మీ తాతగారి పేరు పెడతన్నానండి. రాయి చెక్కించేసేను. మీ చేతుల మీదుగా తెరవాలండి."

"మీ అమ్మగారు ఏమన్నారు బాబూ?"

"అమ్మ ఆ వరద సంగతి ఎప్పుడూ మాట్టాడదండి. వరదలో పుట్టేనని ఒక్కటే చెప్పింది. మీరు రాసింది చదివి వినిపిత్తే, 'ఆవిణ్ణి రమ్మను' అంది. అంతేనండి."

ఇక నిజం. ఆ సాయంత్రం కేక వినబడ్డం నిజం. పడవ వెళ్లలేదు. తాత అసలు ఇంట్లోనే లేడు. మధ్యాహ్నమే రెవిన్యూ వాళ్లు వచ్చి, ఎగువన మునిగిన ఊళ్ల కోసం ఆయన్నీ పడవనీ తీసుకుపోయారు. మా రేవులో ఒక కట్టుబాటు ఉండేది. అవతలి గట్టు నుంచి ఎవరు పిలిచినా, వెళ్లే వీలు లేకపోతే పడవవాడు పలకకూడదు. పలికితే కంచం ముందు నుంచైనా లేచి పడవ తీయాలి. వాడు పలికాడంటే పడవ వచ్చేసినట్టే. అవతలి వాళ్లు ఇంకో దారి చూసుకోరు. తాత ఒక రేకు బూరలో నోరు పెట్టి "ఓ... వత్తన్నా..." అని పలికేవాడు. ఆ బూర తీసుకుని ఆయన గొంతు చేయడం నాకు ఆట. దానికి రెండుసార్లు తన్నులు కూడా తిన్నాను.

"గంగరాజూ... పురిటి మనిషీ..." అని కేక వినగానే నేను మేకుకి వేలాడుతున్న బూర తీసి, గట్టెక్కి, "ఓ... వత్తన్నా..." అన్నాను. ఎందుకన్నానో చెప్పడానికి ముప్పై ఎనిమిదేళ్లలో చాలా కారణాలు అల్లుకున్నాను. తాత వచ్చేస్తాడనుకున్నానని ఒకటి, వాళ్లకి ధైర్యం చెబుదామనుకున్నానని ఒకటి. అసలు సంగతి వేరు. ఆ గొంతు నాకు బాగా వచ్చు, అందుకని పలికాను. మూడుసార్లు మళ్లీ పిలిచారు. తర్వాత పిలుపు ఆగిపోయింది.

తాత రెండు రోజులకి వచ్చాడు. నేను చెప్పలేదు. వరద తీశాక నెల తిరక్కుండా పడవ అమ్మేసి, నన్ను తీసుకుని, మా అమ్మ హాస్టల్లో వంట చేస్తున్న కర్నూలు వచ్చేశాడు. ఆ పిలిచినవాళ్లు బతికారో లేదో నేను ఎవరినీ అడగలేదు. అడగక్కర్లేకుండా కథలో వాళ్లకి పడవ పంపేశాను.

అంచేత నేను బయల్దేరింది షెడ్డు తెరవడానికి కాదు. రాయి నిలబెట్టే లోపల ఆ తల్లికి ఒక మాట చెప్పాలి. చెప్పగలనని నా మీద నాకు నమ్మకం లేదు.

రాజమండ్రి

రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ కిటికీల వైపు జరిగారు. నీళ్లు ఎర్రగా, చిక్కగా, తొందరగా పోతున్నాయి. కర్నూల్లో తుంగభద్రకి నీళ్లొస్తే మేము పిల్లల్ని తీసుకెళ్లి ఫోటోలు దిగుతాం. ఇక్కడ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర జనం క్రికెట్ స్కోరు అడిగినట్టు బ్యారేజి దగ్గర నీరు ఎన్ని అడుగులుందో అడుగుతున్నారు.

"ధవళేశ్వరంలో ఎంతుందండి?"

"పదకొండు దాటిందండి. సాయంత్రానికి మొదటి హెచ్చరిక ఇచ్చేత్తారు."

"రెండోది ఇస్తే?" అని నేను అడిగాను.

టీ కొట్టాయన గ్లాసు నా చేతికిచ్చి నా సంచీ చూశాడు. "లంకలకి పడవలు ఆపేత్తారండి. తమరు అటేనా? అయితే రేపే ఎళ్లి రేపే వచ్చేయండి."

పడవలు ఆగిపోతే నేను వెళ్లలేకపోయానని చెప్పుకోవచ్చు. నది నన్ను ఆపిందని ఇంకో కథ, అందులో ఇంకో పుంజు. పదిహేను రూపాయల టీ తాగేలోపు ఆ కథ సగం అల్లేశాను కూడా. సిగ్గేసింది.

ఎర్రనీటి రోజులు కాబట్టి పులసల కాలం. రోడ్డు పక్కన ఒకావిడ తడి గోనె మీద రెండు చేపలు పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. ధర అడిగాను. చిన్నది ఎనిమిది వేలంది. మా మెస్‌లో ఎనిమిది వేలకి నెలంతా చేపల కూర పెడతాను. పరువు పోతుందని, "మా ఇంట్లో వారానికోసారి వండుతాం, ఇది కాస్త నీరసంగా ఉంది" అన్నాను.

ఆవిడ నన్ను తలనుంచి కాళ్ల దాకా చూసింది. "వారానికోసారి పులస తినే మొహం అలా ఉండదమ్మా. ఎల్లు, ఎల్లి ఇడ్లీ తిను" అంది.

వెళ్లి ఇడ్లీయే తిన్నాను. ఇంత తేలిగ్గా పట్టుబడే అబద్ధాలే జీవితమంతా ఆడి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

రావులపాలెం

మర్నాడు పొద్దున్నే రావులపాలెంలో బస్సు దిగి అరటి మార్కెట్‌కి వెళ్లాను. ఒట్టి చేతులతో పోలేను కదా. లంకలు మునిగిపోతాయనే భయంతో రైతులు పక్వానికి రాని గెలలు కూడా నరికి తెచ్చేస్తున్నారు. సైకిళ్ల మీద, ఆటోల మీద, ట్రాక్టర్ల మీద గెలలే. కర్నూల్లో అరటిపళ్లు డజను లెక్క. ఇక్కడ డజను అడిగితే నన్ను చూసి జాలిపడ్డారు.

అప్పుడే పండబారిన చక్రకేళి గెల బేరమాడాను. ముసలాయన ఆరు వందలు చెప్పి మూడు వందలకే ఇచ్చేశాడు.

"అంత సులువుగా తగ్గించేశారేంటండి?"

"రేపటికి గోదారి తినేత్తదండి. మీరే తినండి. ఎవరింటికి పట్టుకెళ్తన్నారు?"

"మా చుట్టాలింటికి" అన్నాను నోటికొచ్చినట్టు.

"మంచి చుట్టాలే అయ్యుంటారు" అని గెల నా భుజానికి ఎత్తాడు.

కోసిన కాడ నుంచి జిగురు కారి నా తెల్ల చీర మీద నడుము దాకా మరక పడింది. అరటి మరక ఉతికితే పోదు, చీర చిరిగేదాకా ఉంటుంది. గోదావరి జిల్లాలో పుట్టి, కాడకి మట్టి రాయాలనే సంగతి మరిచిపోయిన మనిషిని చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ మరకతోనే ముఖ్య అతిథిగా బయల్దేరాను.

గట్టు మీద

ఆటో ఏటిగట్టు ఎక్కింది. నడిపేవాడికి యాభై ఏళ్లుంటాయి, మాటకారి. నేను లంకకి అనగానే మొదలెట్టాడు.

"షెడ్డు ఓపినింగ్‌కాండి? పడవ గంగరాజుగారిదేనా? ఆయన కథ తెలుసాండి మీకు?"

"కొంచెం తెలుసు."

"కొంచెం కాదండి బాబు. వరదలో మొసలి పడవకి అడ్డం వచ్చేసిందంట. ఈయన తెడ్డుతో దాని నెత్తి మీద ఒక్కటిచ్చేడంట. పడవలో పురుడు అవుతుందండి, పక్కన మొసలి. అటువంటి మనిషండి."

నా కథలో మొసలి లేదు. నేను పెట్టనిది ఈ గట్టు మీద దానంతటది పుట్టి, నాకే ఎదురొచ్చింది. ఆ మనిషి కళ్లలో నిజమైన భక్తి. ఆ రాయి నిలబడితే ఇంకో పదేళ్లకి ఆ మొసలిని ఎవరూ పీకలేరు.

మా పాక ఉండాల్సిన చోట ఆపమన్నాను. గట్టు ఎత్తు పెంచారు, కంకర రోడ్డు వేశారు. పాక లేదు, పాక కింద నేల కూడా లేదు. గట్టు దానిమీదుగా వెడల్పయింది. గుర్తుపట్టడానికి ఎదురుగా లంక కొన ఒక్కటే మిగిలింది. అక్కడ కూర్చుని తాత చద్దన్నంలో ఎండు మెత్తళ్లు కాల్చి నంజుకునేవాడు. ముల్లు తీసి నా ముద్దలో పెట్టేవాడు. తినేటప్పుడు కూడా ఆయన చెవి అవతలి గట్టు మీదే ఉండేది.

కర్నూల్లో ఆయన బియ్యం మిల్లు దగ్గర కాపలా చేశాడు. ట్యాంకర్ నీళ్ల ఊరు. పడవ లేదు, రేవు లేదు. అయినా రోజూ పొద్దున లేచి, వేలు తడిచేసి గాలి ఎటు ఉందో చూసేవాడు. చూసి, ఏమీ అనకుండా మిల్లుకి పోయేవాడు. రేకు బూర మాతో కర్నూలు రాలేదు. బయల్దేరే ముందు ఆయన దాన్ని కాలితో అణగదొక్కి నీళ్లలోకి విసిరేయడం నేను చూశాను. నా వైపు చూడలేదు. నేనే పలికానని ఆయనకి తెలుసని అప్పుడే నాకు అర్థమైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

లంక

ఇంజను పడవలో దాటడానికి పది నిమిషాలు. అవతల రేవులో శ్రీనివాస్ మోకాలి లోతు నీళ్లలోకి దిగి గెల అందుకున్నాడు. బక్కపలచని మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. ఎవరి ముఖం చూడాలంటే ముప్పై ఎనిమిదేళ్లు భయపడ్డానో ఆ ముఖం ఇంత నవ్వుతూ ఉంటుందని అనుకోలేదు.

"జాగర్తండి అక్కగారండి, బురద. జారుద్ది. మొన్న మా ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తాగారు ఇక్కడే పడ్డారు."

షెడ్డు కొత్త రేకులతో మెరుస్తోంది. లోపల సిమెంటు బల్లలు. పక్కన తువ్వాలు కప్పి నల్లరాయి. శ్రీనివాస్ మురిపెంగా తువ్వాలు తీశాడు. 'ప్రాణాలకు తెగించి వరద గోదావరిని దాటి, పడవలో పురుడు పోసి, తల్లీబిడ్డల ప్రాణాలు నిలిపిన పడవ గంగరాజు గారి జ్ఞాపకార్థం.' నా వాక్యమే. పేపర్లో చదివినప్పుడు నాకే ముద్దొచ్చిన వాక్యం. నేనే తువ్వాలు తీసుకుని రాతి మీద మళ్లీ కప్పేశాను.

"రేపు పొద్దున్నే నిలబెట్టేద్దామండి. మధ్యాన్నానికి రెండో హెచ్చరిక అంటన్నారు. మా పాప స్కూల్లో కూడా చెప్పిందండి ఈ కథ. ప్రైజు ఇచ్చేరు."

"మీ అమ్మగారిని ముందు చూస్తాను బాబూ" అన్నాను.

రత్నమ్మ గారి వంటిల్లు

ఆవిడ పేరు రత్నమ్మ. అరవై ఐదు దాటి ఉంటాయి. కత్తిపీట ముందు కూర్చుని చేతులకి నూనె రాసుకుని కంద తరుగుతోంది. పక్కన బచ్చలి ఆకు కుప్ప. నన్ను కూర్చోమని పీట చూపించింది. తాటి రొట్టె ముక్క కంచంలో పెట్టి నా ముందుకి తోసింది. తాటిపండు గుజ్జు, బియ్యపు రవ్వ, బెల్లం కలిపి నిప్పుల మీద కాల్చింది, కమ్మగా, అంచు మాడి. మా తాతకి ప్రాణం. నేను ముక్క తుంచి చేతిలోనే పట్టుకున్నాను. అన్యాయం చేసిన ఇంట్లో పెట్టింది తినడానికి కర్నూలు పద్ధతి ఏమిటో, గోదావరి పద్ధతి ఏమిటో నాకు తెలియదు.

"మీ తాత ఎప్పుడు పోయేడు?" అంది తల ఎత్తకుండా.

"పద్దెనిమిదేళ్లయిందండి పిన్నిగారూ."

"బాధపడ్డాడా?"

"లేదండి. నిద్రలోనే పోయాడు. నవ్వుతున్నట్టే ఉంది మొహం." నోరు దానంతటది చెప్పేసింది. రొట్టె ముక్క కింద పెట్టాను. "అబద్ధమండి. మూడు నెలలు మంచాన పడ్డాడు. చాలా బాధపడ్డాడు."

ఆవిడ ఇప్పుడు తల ఎత్తింది.

"ఆ పడవ సంగతి కూడా అబద్ధమేనండి. పడవ రాలేదు."

"అది నాకు తెలీదేంటి? నేనక్కడే ఉన్నాను గదా." కంద ముక్కలు నీళ్లలోకి తోసింది. "అంత పచ్చి అబద్ధం ఏ మొహం పెట్టుకుని రాసిందో చూద్దామనే రమ్మన్నాను. రాయి నిలబెట్టే ముందు జనంలో అడుగుదామని. మా ఓడు మురిసిపోతన్నాడు, ఆడికి చెప్పలేకపోయేను."

కత్తిపీట మీద చెయ్యి ఆపకుండానే ఆవిడ చెప్పుకుపోయింది. ఆ సాయంత్రం ఆవిడ బావగార్లు అరటి బోదెలు కట్టి తెప్ప చేశారు. ఆడాళ్లనీ పిల్లలనీ ఎక్కించారు. ఆవిణ్ణి కూడా ఎక్కించబోయారు. అంతలో అవతల నుంచి పలుకు వినబడింది.

"పలికేడు గదా, పడవ వచ్చేత్తది, నొప్పులు పడతన్న మనిషిని తెప్ప మీద ఎందుకన్నారు. నన్ను దింపేసేరు. తెప్ప ఎల్లిపోయింది. మా ఆయనా, మా అత్తగారూ, నేనూ. పడవ రాలేదు. అటక మీద కొబ్బరికాయల మధ్యన కన్నాను ఈణ్ణి. మా ఆయన పడవ కోసం చూత్తానని గంటకోసారి రేవులోకి దిగేవోడు. గట్టు కోసుకుపోయి కొబ్బరిచెట్టు కాలి మీద పడింది. పోయేదాకా కుంటేడు. చెట్టు పడిందని అందరికీ తెలుసు. ఎందుకు నిలబడ్డాడో మా ముగ్గురికే తెలుసు."

"ఎవరికీ చెప్పలేదా అండి?"

"చెబితే మీ తాతని కొట్టి చంపేవోళ్లు. తెప్ప మీద ఎల్లినోళ్లు పడవ ఆలస్యంగా వచ్చిందనే అనుకున్నారు, మేం కాదన్లేదు. వరద తీసేక ఆయనే వచ్చేడు. అదిగో, ఆ వాకిట్లో బురదలో నిలబడ్డాడు. 'పలికింది నేనేనండి. సారా తాగున్నాను. పలికి పడిపోయేను' అన్నాడు. మా ఆయన ఒకటే మాటన్నాడు. నీ పడవ ఈ రేవుకి రావద్దు అని. మీ తాత దణ్ణం పెట్టి ఎల్లిపోయేడు."

నాకు ఇది తెలియదు. వరదకి బతుకు చెడి ఊరు వదిలామనే నేను అనుకున్నాను. మా తాత సారా కాదు కదా, కల్లు కూడా ముట్టలేదు. పడవ నడిపేవాడి చేతిలో జనం ప్రాణాలుంటాయని, పెళ్లి భోజనాల్లో కూడా తాంబూలం దాకా కూర్చునేవాడు కాదు. జీవితమంతా ఆయన నోట ఒక్క అబద్ధం వినలేదని నేను పదిమందికీ చెబుతుంటాను. ఆయన ఆడిన ఒకే ఒక్కటి ఈ వాకిట్లో ఆడాడు. అది నా కోసం.

"పిన్నిగారండి. పలికింది తాత కాదు. ఆయన ఆ పూట ఊళ్లోనే లేడు. బూర తీసి పలికింది నేను."

కత్తిపీట ఆగింది.

"ఎన్నేళ్లు నీకప్పుడు?"

"పది."

పొయ్యి మీద నీళ్లు మరిగి మూత కొట్టుకుంటోంది. దాన్ని దించాలని కూడా ఆవిడకి తోచలేదు.

"పదేళ్ల పిల్లనేం చేసేవోళ్లం" అంది చివరికి. "ఈపు మీద రెండేసి వదిలేసేవోళ్లం. ఆ మాత్రానికి ఆయన రేవు వదిలేసుకున్నాడా?"

నేను లేచి మరుగుతున్న గిన్నె దించాను.

"నువ్వు పెద్దదానివయ్యేవు గదా. చదువుకున్నావు గదా. పేపర్లలో రాత్తావు. ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయేవా?"

ఆవిడ కంద ముక్కొకటి తీసి మళ్లీ నీళ్లలోనే వేసింది.

"ఈడి పుట్టినరోజుకి ప్రతేడూ దీపం పెడతాను. పెట్టినప్పుడల్లా ముందు మీ తాతని తిట్టేకే దణ్ణం పెట్టేను. ఒక్క ఏడు కూడా మర్చిపోలేదు." ఆవిడ నూనె చేతుల్ని చూసుకుంది. "నువ్వంటే వచ్చి నాకు చెప్పుకున్నావు. నేనెవరికి చెప్పుకోను?"

గుమ్మంలో చప్పుడైంది. శ్రీనివాస్ నేను తెచ్చిన గెలలోంచి పళ్లు పళ్లెంలో పెట్టి తెచ్చాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. పళ్లెం గుమ్మం మీద పెట్టాడు.

"మా నాన్న కాలు..." అన్నాడు. పూర్తి చేయలేదు. వెళ్లిపోయాడు.

రేవు

తెల్లవారేసరికి నీళ్లు షెడ్డు వైపు రెండు మెట్లు ఎక్కాయి. ఒడ్డున ముప్పై మంది దాకా పోగయ్యారు. మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, నాకు వేయడానికి బంతిపూల దండ. ఎవరికీ ఇంకా తెలియదు. శ్రీనివాస్ రాత్రంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మైకు నా చేతికిస్తూ, "మీరే చెప్పండి. పేపర్లో రాసింది మీరే గదా" అన్నాడు. అక్కగారండి అనలేదు.

నా కథలకి సాధారణంగా గంట పడుతుంది. ఇది నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఎక్కడా అలంకరించడానికి చోటు దొరకలేదు. కేక, బూర, తెప్ప, కాలు, వాకిట్లో తాత ఆడిన అబద్ధం. అయిపోయింది. మైకు గరగరలాడుతోంది. వెనక నుంచి నిన్నటి ఆటో ఆయన గొంతు వినబడింది.

"మరి మొసలండి?"

"లేదండి. ఏదీ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ లేచి తన కుర్చీ మడిచేసింది. దండ తెచ్చినాయన దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు. నేను తలొంచుకుని నిలబడ్డాను. రత్నమ్మ గారి వాకిట్లో బురదలో తాత ఎంతసేపు నిలబడ్డాడో అడగడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

రత్నమ్మ గారు జనంలోంచి ముందుకి వచ్చింది. మైకు అందుకోలేదు. ఆవిడకి అవసరం కూడా లేదు.

"మా ఆయన ఆ మనిషిని ఈ రేవుకి రావద్దన్నాడు. తెలీక అన్న మాట. ఆయనా లేడు, ఈయనా లేడు. ఆయన తరఫున ఆ మాట నేను ఎనక్కి తీసేసుకుంటన్నాను. షెడ్డుకి గంగరాజు పేరే ఉంటది. ఏం చేసేడో రాయక్కర్లేదు. పేరు చాలు." కొడుకు వైపు తిరిగింది. "రంగు తెచ్చి రాయించు."

"మరి రాయి?" అన్నాడు శ్రీనివాస్. రాయికి పెట్టిన డబ్బు కాదు ఆ గొంతులో ఉన్నది.

ఇంతలో పడవవాడు కేకేశాడు. రెండో హెచ్చరిక ఇచ్చేశారట, ఇదే ఆఖరి పడవ, ఎక్కేవాళ్లు ఎక్కమని. ఒడ్డున జనం కదిలారు. ముందున్న ఇద్దరు బురదలో జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకావిడ చంటిపిల్లతో దిగలేక అక్కడే ఆగిపోయింది.

శ్రీనివాస్ ఒక్క క్షణం ఆవిణ్ణి చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, "ఓ చెయ్యి ఎయ్యండ్రా" అన్నాడు. నలుగురు కలిసి రాయిని ఎత్తారు. మోసుకొచ్చి, అక్షరాలు కిందికి వచ్చేలా తిరగేసి, బురదలో రేవు మెట్టుగా దింపారు. కాలితో నాలుగుసార్లు తొక్కి చూశాడు. కదల్లేదు. చంటిపిల్ల తల్లి దాని మీద కాలు పెట్టి పడవలోకి దాటింది. తర్వాత ఒక ముసలాయన, ఆయన వెనక పాల క్యాన్లు.

నా వంతు వచ్చింది. రాయి పక్కన ఆగిపోయాను. రత్నమ్మ గారు నా వెనకే ఉంది. కంద బచ్చలి కూర ఒక డబ్బాలో పెట్టి నా సంచీలోకి తోసింది.

"కింద ఆయన పేరుందండి పిన్నిగారూ. కాలు ఎలా పెట్టను?"

"ఎక్కమ్మాయ్. జనాన్ని దాటించటానికేగా ఆయన ఉన్నది."

శ్రీనివాస్ నీళ్లలో నిలబడి పడవ అంచు పట్టుకుని ఉన్నాడు. నా వైపు చూడలేదు. కానీ నేను ఎక్కేదాకా పడవ వదల్లేదు.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆ రాయి మీద కాలు పెట్టాను. చల్లగా, గట్టిగా ఉంది.